అక్క పేరు మీద

ఆగస్టు 2, శుక్రవారం

ఈ డైరీ ఎరువుల కొట్టు గోపాలయ్య ఇచ్చాడు. మూడేళ్ల కిందటిది. ప్రతి పేజీ అడుగున ఏదో ఒక పురుగుమందు పేరు అచ్చేసి ఉంది. తేదీలు ఎలాగూ కుదరవు కాబట్టి కొట్టేసి నేనే వేసుకుంటున్నాను. కువైట్‌లో ఉన్నప్పుడు టేప్‌రికార్డర్‌తో మాట్లాడేదాన్ని. ఇప్పుడు దీనితో.

శుక్రవారం వస్తే ఇప్పటికీ ఒళ్లు ఊరుకోదు. ఇరవై నాలుగేళ్ల అలవాటు. అక్కడ వారానికి ఆ ఒక్క పూటే మాది. ఇక్కడ ఆత్మకూరులో పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, వెళ్లే చోటు లేక మంచం మీద కూర్చుంటాను. ముందు గదిలో టైలర్ మిషన్ చప్పుడు. టైలర్ పెళ్లాం తొంగి చూసి, ఏమక్కా పెళ్లికా అని అడుగుతుంది. అవునమ్మా నాకే అంటాను. ఆమె నవ్వుతుంది. రోజులో నాతో ఎవరైనా మాట్లాడింది అంతే.

ఈ వీధిలో నా పేరు కువైట్ అక్క. కరోనా ఏడు వచ్చి దిగినప్పటి నుంచి అసలు పేరు ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు.

హుసేనయ్య ఫోన్ చేశాడు. అక్కడ డ్రైవరుగా ఉండేవాడు, ఇప్పుడు మర్రిపాడు రోడ్డులో ఆటో తిప్పుతున్నాడు. యూనివర్సిటీ నుంచి అశ్విత అని ఒక పిల్ల వచ్చిందట. మన వైపు నుంచి కువైట్ పోయిన ఆడవాళ్ల చరిత్ర పుస్తకంగా రాస్తోందట. అక్కడ ఎవరిని అడిగినా మాలక్ష్మక్కను కలవమన్నారట.

మాలక్ష్మక్క అంటే నేనే.

ఆగస్టు 3

హుసేనయ్య మూడు సార్లు చేశాడు. ఎత్తలేదు.

ఆగస్టు 5

ఎందుకు ఎత్తలేదో రాసుకుంటే ఒక పని అయిపోతుంది.

ఆ పిల్ల మొదట అడిగేది ఏమిటో నాకు తెలుసు. ఏ సంవత్సరం వెళ్లారు, ఎలా వెళ్లారు అని. తొంభై ఆరులో వెళ్లాను. అప్పటికి నాకు ఇరవై మూడు. ఇంటిపనికి పోయే ఆడదానికి ముప్ఫై నిండాలని రూలు. మా అక్క మహాలక్ష్మికి ముప్ఫై ఒకటి. పాస్‌పోర్టు ఆమె పేరు మీద ఉంది. ఫోటోలో ఆమె, విమానంలో నేను. ఇద్దరి ముక్కూ నాయన ముక్కే, ఎవరూ తేడా పట్టలేదు. ఆ రోజుల్లో మా వైపు నుంచి పోయినవాళ్లలో సగం మంది వేరే ఎవరి పేరు మీదో, ఎవరి వయసు మీదో పోయినవాళ్లే. వదిన పేరు మీద మరదలు, చచ్చిపోయిన పిన్ని పేరు మీద కూతురు. అక్కడ అదేం వింత కాదు.

అక్క తనే ఇచ్చింది. మద్రాసు లాడ్జిలో ఆమెకు జ్వరం వచ్చింది. నువ్వు పో అంది. నేను వెళ్లాను. ఇందులో దాచేది ఏముంది.

పెంచలమ్మ అని నా పేరు. ఇక్కడ రాయడానికి కూడా కొత్తగా ఉంది.

ఆగస్టు 9, శుక్రవారం

బస్టాండులో కూరగాయలకు వెళ్లి హుసేనయ్యకు దొరికిపోయాను. ఫోన్ ఎత్తనందుకు తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ముఖం వెలిగిపోతోంది.

"ఏందక్కా, ఊరికి పొయ్యుంటే చెప్పొద్దా? నువ్వు ఎత్తలేదని ఆ పాపకు ఉదయగిరి కొండ కింద మీ పల్లె పేరు చెప్పి పంపించినాను. మూడు గంటలు మాట్లాడినావంట గదా. రోశమ్మ కథ చెప్తావుంటే ఆ పిల్ల ఏడ్చిందంట."

చేతిలో వంకాయలు ఉన్నాయి. వాటిని ఒకటొకటిగా సంచిలో వేశాను.

ఆ పల్లెలో ఉండే మహాలక్ష్మి మా అక్క. ఆమె ఉదయగిరి దాటి ఒకే ఒక్కసారి వెళ్లింది, మద్రాసు దాకా. నాతో మాట్లాడి ఇరవై ఎనిమిదేళ్లు. నేను తిరిగొచ్చి వాకిట్లో నిలబడితే తలుపు మూయలేదు, అంతవరకు మంచిదే, కానీ లోపలికి రమ్మని కూడా అనలేదు. వడ్లు ఎండబోస్తూనే ఉంది. నేను అట్నుంచే తిరుగు బస్సు ఎక్కి ఆత్మకూరులో గది తీసుకున్నాను.

"బాగా చెప్పినావంట అక్కా," అన్నాడు మళ్లీ.

అవును అన్నాను. ఎందుకు అవునన్నానో తెలియదు.

ఆగస్టు 10

దొంగ.

ఆగస్టు 12

నిన్నంతా కోపంతో అన్నం తినలేదు. ఇవాళ తిన్నాను. ఆకలి ముందు కోపం ఎంతసేపు నిలుస్తుంది.

అక్కకు ఈ కథలన్నీ ఎలా తెలుసా అని ఆలోచించాను. కేసెట్లు. అమ్మకు చదువు రాదు కాబట్టి నేను ఉత్తరాలు రాయలేదు, కేసెట్లు నింపి ఊరికి పోయేవాళ్లతో పంపేదాన్ని. వంటగది పక్కన నాకిచ్చిన గదిలో తలుపు వేసుకుని, దుప్పటి కప్పుకుని మాట్లాడేదాన్ని. అమ్మా బాగున్నావా అని మొదలుపెట్టి, అమ్మకు చెప్పకూడనివి కూడా చెప్పేసేదాన్ని. నా గొంతు వినే మనిషి ఇంకొకరు లేరు. ఆ ఇంట్లో పిల్లలకు నేను ఖద్దామాను, అంటే పనిమనిషిని, పెద్దామెకు ఏయ్‌ను.

తిరిగి ఒక్క కేసెట్ కూడా రాలేదు. అక్క కూతురు చిన్నికి పంపిన గౌన్లు, బొమ్మలు కట్టిన తాడు కూడా విప్పకుండా తిరిగొచ్చాయి. కేసెట్లు మాత్రం తిరిగి రాలేదు. అమ్మ ఒక్కతే వింటోంది అనుకున్నాను. అమ్మ పోయాక కూడా పంపడం ఆపలేదు. ఎవరికి పంపానో అప్పట్లో అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

ఆగస్టు 13

ఆ పిల్లకు అక్క ఏం చెప్పి ఉంటుంది? సంఘాల గురించి చెప్పిందా?

కువైట్‌లో మన మగవాళ్లు పెట్టిన సంఘం ఒకటి ఉండేది. ఊరి నుంచి వచ్చిన నాయకుడికి మొదటి దండ ఎవరు వేయాలన్న తగాదాలో రెండయింది. ఇక్కడి కులాలు, ఇక్కడి పార్టీలు విమానంలో మాతోనే దిగాయి, వాటికి వీసా అక్కర్లేదు. అప్పటి నుంచి ఉగాది రెండు హాళ్లలో. పచ్చడి మాత్రం రెండు చోట్లా మేమే కలిపాం. వాళ్లు అచ్చేసిన సావనీర్ సంచిక నా పెట్టెలో ఉంది. అధ్యక్షుడు, మాజీ అధ్యక్షుడు, చీలిపోయిన అధ్యక్షుడు, అందరి ఫోటోలూ ఉన్నాయి. మహిళా విభాగం పేజీలో ఇంజనీర్ల భార్యలు పట్టుచీరల్లో ఉన్నారు. వాళ్ల వెనక వడ్డిస్తున్న నా మోచెయ్యి కనిపిస్తుంది.

మా సంఘానికి పేరు లేదు. శుక్రవారపోళ్లు అనేవారు. అది హాల్లో పుట్టలేదు, చెత్తడ్రమ్ము దగ్గర పుట్టింది. చాలామందికి శుక్రవారం కూడా సెలవు ఉండదు. గేటు దాటి బయటికి వచ్చేది సాయంత్రం చెత్త పారెయ్యడానికే. నాలుగిళ్ల చెత్త ఒకే డ్రమ్ములో పడుతుంది. అక్కడ మాట్లాడితే ఇంటివాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి సంచి ముడితో చెప్పుకునేవాళ్లం. మామూలు ముడి అంటే బాగున్నాను. లోపలికి వేసిన ముడి అంటే బాగోలేను, నలుగురికీ చెప్పండి. ఆ ముడి నేను కనిపెట్టిందే. చూడటానికి మామూలుగానే ఉంటుంది. వేలితో తడిమితేనే తెలుస్తుంది.

వింజమూరు రోశమ్మ మూడు రోజులు లోపలి ముడి వేసింది. నాలుగో రోజు సంచే బయటికి రాలేదు. ఆ శుక్రవారం పదకొండు మందిమి, దాచిపెట్టిన ఆ మూడు చెత్తసంచులు పట్టుకుని మన దేశం ఆఫీసుకు, ఎంబసీకి పోయి, సెలవు రోజు కాపలా ఉన్నవాళ్ల బల్ల మీద పెట్టి కూర్చున్నాం. కంపు. కదలమన్నారు, కదల్లేదు. సాయంత్రానికి ఒక పెద్దాయన వచ్చి ముడి ఎలా వేస్తారో చూపించమన్నాడు. చూపించాను. మర్నాడు రోశమ్మను బయటికి తెచ్చారు.

సావనీర్‌లో అది అధ్యక్షుల చొరవ అని రాసుకున్నారు. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు అక్క చెబితే మాత్రం ఒళ్లు మండుతోంది.

ఆగస్టు 16, శుక్రవారం

అశ్వితకు ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. మీరు కలిసిన మనిషి మాలక్ష్మక్క కాదు, ఆ మాలక్ష్మక్కను నేను. ఇంతవరకు బాగానే వచ్చింది. తరువాతి వాక్యం దగ్గర ఆగిపోయింది. మరి ఆ పేరు మీకెలా వచ్చింది అని అడుగుతుంది కదా.

అక్క ఇచ్చింది అని రాశాను. కొట్టేశాను. అక్క వద్దనలేదు అని రాశాను. అది నిజమే. ఆమె వద్దనలేదు.

నాలుగు కాగితాలు చించాను. పుస్తకంలో అక్క ఫోటో పడుతుంది. అక్క ఫోటో కింద నా ఇరవై నాలుగేళ్లు పడతాయి. ఈ గదిలో నేను పోతే టైలర్ పెళ్లాం కువైట్ అక్క పోయింది అంటుంది. నాకంటూ ఉన్నది ఆ బతుకొక్కటే. అది కూడా లేకపోతే నేను ఎవరిని?

ఆగస్టు 17

రాయలేదు. ఏడ్చాను. టైలర్ మిషన్ చప్పుడులో వినిపించదు, అదొక సుఖం.

ఆగస్టు 18

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

పోవలసింది అక్కే. మొగుడు వదిలేసిపోయాడు, చిన్నికి అప్పుడు ఐదేళ్లు. పాస్‌పోర్టు కోసం ఆమె ఎనిమిది నెలలు తిరిగింది. నేను సంచి మోయడానికి తోడు వెళ్లాను, మర్నాడు తిరిగి రావాలి. లాడ్జిలో ఆమెకు నిప్పులాంటి జ్వరం. ఏజెంటు వచ్చి చూసి, సాయంత్రానికి లేవకపోతే సీటు పోతుందన్నాడు. తరువాత నన్ను చూశాడు, ఫోటో చూశాడు. నోటితో ఏమీ అనలేదు. ఇద్దరం ఒకళ్లనొకళ్లం అర్థం చేసుకున్నాం.

మా ఊళ్లో నాకు ఏముంది. పరిగె ఏరడం, చెరువులో పరకలు పట్టడం, ఎవడో ఒకడికి పెళ్లాం కావడం. పోవాలని నాకు పిచ్చిగా ఉంది. ఉన్నట్టు ఎవరికీ చెప్పలేదు.

అక్క నిద్రలో ఉంది. నుదుటి మీద గుడ్డ తడిపి వేశాను. ఆమె సంచి తీసుకున్నాను. ఆమె కొత్త చెప్పులు వేసుకున్నాను. నువ్వు పో అని ఆమె అనలేదు. లేపితే వద్దంటుందని లేపలేదు.

ఆగస్టు 20

హుసేనయ్య చెప్పాడు. ఆ పిల్ల ఈ శుక్రవారం కెమెరా పట్టుకుని మళ్లీ పల్లెకు వస్తోందట. నువ్వెప్పుడు పోతావక్కా అన్నాడు. ఆ పొద్దున్నే పోతానన్నాను.

నిజం చెప్పేస్తాను. ఎలా పోయానో కూడా చెప్పేస్తాను. దొంగ అంటే అననీ, నా బతుకు నాకు ఉంటుంది.

ఆగస్టు 23, శుక్రవారం

తలంటుకుని ఇస్త్రీ చీర కట్టుకుని ఉదయగిరి బస్సు ఎక్కాను. నాలుగేళ్లలో మొదటిసారి శుక్రవారం పూట వెళ్లడానికి ఒక చోటు.

పల్లెకు చేరేసరికి పదకొండు దాటింది. వాకిట్లో ఒక కారు. కిటికీ పక్కన నిలబడ్డాను. లోపల అక్క గొంతు వినపడుతోంది. అమ్మ గొంతు లాగే అయిపోయింది. నేను లేనప్పుడే ముసలిదైంది.

రోశమ్మ సంగతే నడుస్తోంది. ఎంత బాగా చెబుతోందో! బల్ల మీద సంచులు పెట్టడం, కంపు, కదలమంటే కదలకపోవడం, నేను కేసెట్‌లో ఎక్కడ ఆగి నవ్వానో అక్కడే ఆగి నవ్వింది. నేను మర్చిపోయిన ఇద్దరి పేర్లు కూడా చెప్పింది. ఒక్కసారి విన్నది కాదు. ఆ కేసెట్లు అరిగిపోయేదాకా విన్నది. దుప్పటి కప్పుకుని నేను ఒక్కదాన్నే మాట్లాడుతున్నాననుకున్న ఆ ఏళ్లన్నీ ఈ గదిలో ఈమె వింటూనే ఉంది. నాకు కోపం ఎక్కడికో పోయింది. కిటికీ చువ్వ పట్టుకున్నాను.

అప్పుడు ఆ పిల్ల అడిగింది, మొట్టమొదట మద్రాసులో విమానం ఎక్కిన రోజు గురించి చెప్పమని.

అక్క చీర కొంగు సర్దుకుంది. తరువాత చెప్పింది.

"మా చెల్లెలు తోడొచ్చింది. లాడ్జిలో దానికి జొరం. నిద్రపోతావుంటే గుడ్డ తడిపి నుదుట ఏసినాను. లేపలా. లేపితే నా కాళ్లు పట్టుకుంటుందని బయం. తలుపు దగ్గిర ఒకసారి వెనక్కి తిరిగి చూసినాను."

చూశాను. ఆ సంగతి ఈ డైరీలో కూడా రాయలేదు. ఏ కేసెట్‌లోనూ చెప్పలేదు. తలుపు దగ్గర వెనక్కి తిరిగినప్పుడు అక్క కళ్లు మూసుకునే ఉన్నాయి.

మూసుకుని ఉంది. నిద్రపోలేదు.

"మరి మీ చెల్లెలు ఒక్కతే ఇంటికి ఎలా వచ్చిందమ్మా, అంత జ్వరంతో?" అంది ఆ పిల్ల.

"నేను అడగలా," అంది అక్క. "ఇన్నేళ్లలో ఒక్క కేసెట్లో గూడా అడగలా."

ఇక నిలబడలేకపోయాను. గుమ్మంలోకి వచ్చాను. ఆ పిల్ల తలెత్తి చూసింది. సన్నగా, కళ్లద్దాలతో, మంచి పిల్ల. పక్కన కెమెరా వెలుగుతోంది. నోరు తెరిస్తే చాలు. బస్సులో అంతా వల్లెవేసుకుని వచ్చాను. అక్క నన్ను చూసింది. చెప్పుకో అన్నట్టే చూసింది, అడ్డం పడలేదు.

"ఎవరమ్మా?" అంది అశ్విత.

అక్కే అంది, "మా చెల్లెలు. పెంచలమ్మ. ఇది యాడికీ పోలా."

ఇరవై ఎనిమిదేళ్ల తరువాత ఒక మనిషి నోట నా పేరు విన్నాను. ఎలాంటి మాటలో వచ్చిందో చూడలేదు, పేరు వచ్చింది, అంతే.

ఆ పిల్ల జాలిగా నా వైపు తిరిగింది. లాడ్జిలో లేచి చూసుకున్నాక మీరు ఏం చేశారమ్మా, ఇంటికి ఎలా చేరారు అని నన్ను అడిగింది. నాకు తెలియదు. నేను ఎప్పుడూ అడగలేదు కదా. అక్క వైపు చూశాను. నా కళ్లల్లో ఏం కనిపించిందో, ఆమె నెమ్మదిగా నా తరఫున చెప్పింది.

"లాడ్జి ఊడ్చే ఆమె రెండు రోజులు గంజి పోసింది. రైలెక్కితే టికెట్ లేదని గూడూరులో దించేసినారు. నెల్లూరికి పాల లారీలో వచ్చింది. ఆడ్నుంచి బస్సోడు దయతలిచినాడు. కాళ్లకు చెప్పుల్లేవు. ఊళ్లో అందురూ విమానం ఎట్టుంటుందే అని అడిగి నవ్వినారు. చిన్ని మాత్రం మా అమ్మొచ్చింది, మా అమ్మ యాడికీ పోలేదని ఎగిరింది."

ఆ చివరి మాటకు అశ్విత కలం ఆగింది. చిన్ని ఎవరి కూతురు అని అడగబోయింది. అక్క ముఖం చూసి, నా ముఖం చూసి, కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నాయన ముక్కు రెండు ముఖాల్లోనూ ఉంది. ఆ పిల్లకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఏమీ అడగకుండా కలం మూత పెట్టింది. పుస్తకంలో ఎవరి ఫోటో వేసుకోమంటారమ్మా అని మాత్రం అంది, ఇద్దరి మధ్యా చూస్తూ.

"మా అక్కది వెయ్యండి," అన్నాను. "ఆ పొద్దు నాకు జొరం. పోలేకపొయ్యినాను."

బస్సులో వల్లెవేసుకున్న మాట ఇది కాదు. కానీ అన్నాక గుండె మీద బరువు కొంచెం జరిగింది. అంతా కాదు, కొంచెం.

కారు వెళ్లిపోయింది. ఇద్దరమే మిగిలాం. అక్క పొయ్యి మీద టీ పెట్టింది. ఆమె వీపు వైపు చూస్తూ, ఎందుకలా చెప్పావని అడిగాను.

"ఆ పిల్ల వాకిట్లో నిలబడి మహాలక్ష్మమ్మ మీరేనా అనింది. నేనే గదా. నా పేరు అడిగింది, చెప్పినాను."

నిద్రపోలేదా ఆ రోజు అని అడగాలనుకున్నాను. క్షమించమనీ అనలేకపోయాను. టీ గ్లాసు నా ముందు పెట్టి, గూట్లో నుంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసుకొచ్చి నా ఒళ్లో పడేసింది. ఆ సంచి చెవులు వంద ముడులు వేసి విప్పినట్టు నలిగిపోయి ఉన్నాయి.

"అదెట్ట ఏస్తారే, లోపలి ముడి? కేసెట్లో ఎన్నిసార్లు ఇన్నా అర్థం కాలా. ఆ పిల్ల ఏసి చూపించమంటే ఏదో ఒకటి ఏసినాను."

ఆమె చేతులు పట్టుకుని చూపించాను. చెవులు రెండూ లోపలికి మడిచి, ఎడమ వేలి మీదుగా తిప్పి, లాగకుండా వదిలెయ్యాలి. వేళ్లు గరుకుగా ఉన్నాయి. మొదటిసారి తప్పింది. రెండోసారి గట్టిగా లాగేసింది. ఇంకోసారి చూపించు అంది.

ఆఖరి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఇద్దరం విన్నాం, ఎవరూ లేవలేదు. మూడోసారికి ఆమెకు వచ్చింది.